పది లక్షల ఇరవై రెండు వేల నూట పదిహేడు

మా అన్న బాన్సువాడలో ఒక ప్రైవేటు బడి పిల్లలకు ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పాడు. మాది నస్రుల్లాబాద్ దగ్గరి తండా. ఇంట్లో మా భాషే మాట్లాడుకునేవాళ్లం. లెక్కలు మాత్రం ఆయన బడిలో తెలుగులో నేర్చాడు, నాకూ తెలుగులోనే నేర్పాడు. యాభై దాటాక ఒకే లెక్క వారమంతా చెబుతున్నాడని బడివాళ్లు మాన్పించారు. పెళ్లి చేసుకోని మనిషి. నా దగ్గరికి తెచ్చుకున్నాను.

దవాఖానలో డాక్టరమ్మ, ఇది మతిమరుపు జబ్బనీ, మందులతో తగ్గేది కాదనీ చెప్పింది. అన్న చేతిలోని చీటీ మీది నంబరు చూస్తూ కూర్చున్నాడు. 1022117.

“చెల్లె, గిది రెండుతోటి పోదు, ఐదుతోటి పోదు. అంకెలు కలిపితే పద్నాలుగు, మూడుతోటీ పోదు. ఏడుతోటి ఐదు మిగుల్తది. ప్రధాన సంఖ్యనే కావచ్చు!”

అంటే ఒకటీ, తనూ తప్ప ఇంకే సంఖ్యా దాన్ని శేషం లేకుండా భాగించకూడదు.

“ఫోన్ల చూద్దామా అన్నా? నిమిషంల తెలుస్తది.”

“వద్దు. అది జెప్తే నేను జేసినట్టయితదా?”

నోటుబుక్కు కొనిచ్చాను. 1011ని 1011తో గుణిస్తే ఈ సంఖ్య కంటే నాలుగు ఎక్కువొస్తుంది, కాబట్టి ప్రధాన సంఖ్యలన్నిటితో వెయ్యీ పది దాకా భాగించి చూస్తే చాలు అన్నాడు. అదే నేను విన్న ఆయన చివరి పాఠం. మొదటి పేజీలు ముత్యాల్లా ఉన్నాయి. వర్షాకాలం వచ్చేసరికి నలభై మూడు దగ్గర ఆగిపోయాడు. అదే భాగహారం పదకొండు పేజీలు. ప్రతిసారీ వేరే శేషం.

తర్వాత నేను అందుకున్నాను. ఆదివారం పొద్దున వంటయ్యాక పక్కన కూర్చుని ఒకటో రెండో భాగహారాలు చేసేదాన్ని. మొదట్లో “తప్పు” అని వేలు పెట్టి చూపేవాడు. తర్వాత చూడటం మానేశాడు. తెలుగు మాటలు ఒక్కొక్కటే పోయాయి. చివరికి తండా భాష ఒక్కటే మిగిలింది, అదీ అన్నం, నీళ్లు, చలి వరకే.

997 దాటాక ఇక ఒక్కటే మిగిలింది, 1009. దానితో భాగించాను. శేషం సున్నా. మళ్లీ చేశాను. సున్నానే. 1009ని 1013తో గుణిస్తే సరిగ్గా ఆ సంఖ్య.

“అన్నా, ప్రధాన సంఖ్య కాదే. ఆఖరుదానితోటి పోయింది!”

వాన పడుతోందా అని మా భాషలో అడిగాడు. భాగహారానికీ, శేషానికీ మా భాషలో ఏమంటారో నాకు తెలియదు. ఆయన చెయ్యి తీసుకుని, ఒక్కో వేలూ ముడుస్తూ మా భాషలోనే ఒకటి నుంచి లెక్కపెట్టాను. నాలుగు దగ్గర చెయ్యి లాక్కున్నాడు.