తాడు రెడ్డెప్పకు ఇచ్చిన రోజు

పదిహేనేళ్ళకు పైగా ఒక మాట నా గొంతులో అడ్డంగా ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. అన్నం తింటున్నాను, పెళ్ళిళ్ళకు పోతున్నాను, మనవరాలికి పేరు కూడా పెట్టాను. అన్నీ ఆ మాట పక్కనుంచే జరిగిపోయాయి. ఇంట్లో వాళ్ళకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పడం సులువుగా ఉంది. నా పిరికితనం ఎంతటిదో ఈ ఒక్క ముక్కతోనే మీకు తెలిసిపోయి ఉంటుంది.

మాది మదనపల్లె. బెంగళూరు రోడ్డు మీద నాకు టింకరింగ్ షెడ్డు ఉంది. సొట్టలు పడ్డ బండ్లను చదును చేయడం, తుప్పు పట్టిన రేకు కోసి కొత్తది అతకడం, అద్దాలు బిగించడం నా పని. నాతో పాటు రెడ్డెప్ప ఉండేవాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. పదకొండేళ్ళు ఇద్దరం ఒకే షెడ్డులో, ఒకే క్యారియర్‌లో అన్నం తిన్నాం. చెయ్యి నాకంటే అతనిదే మెత్తన. ఈ సంగతి నాకు తెలుసు, అతనికి తెలియదు. తెలియకుండా ఉండేటట్టు నేనే చూసుకునేవాణ్ణి.

తొంభైల నడిమి రోజుల్లో పుంగనూరు నుంచి జ్ఞానయ్యగారి కారు మా షెడ్డుకు వచ్చింది. జ్ఞానయ్య ఒకప్పుడు మిషన్ డాక్టరు ఒకాయన దగ్గర డ్రైవరు. ఆ అమెరికా డాక్టరు ఓడలో తెప్పించుకున్న కారును, తన దేశానికి తిరిగి పోయేటప్పుడు, తాళాలతో సహా ఈయన చేతిలో పెట్టి పోయాడట. కింద లేత ఆకుపచ్చ, పైన తెలుపు. మా షెడ్డులో పెడితే ముక్కు రోడ్డు మీదికి వచ్చేది. మామూలు కార్లకు ముందు తలుపుకూ వెనక తలుపుకూ నడుమ కప్పును మోసే స్తంభం ఒకటి ఉంటుంది. దీనికి అది లేదు. నాలుగు అద్దాలూ దించేస్తే ఈ పక్క నుంచి ఆ పక్కకు అంతా ఖాళీ. దీన్ని హార్డ్‌టాప్ అంటారని జ్ఞానయ్య చెప్తేనే నాకు తెలిసింది. ఆ మాట అనే ముందు ఆయన గొంతు సవరించుకునేవాడు, చర్చిలో వాక్యం చదవబోయేవాడిలా.

అది పెట్రోలు తాగే తాగుడుకు క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ తప్ప ఆయన దాన్ని బయటికి తీసేవాడు కాదు. అలా ఒక ఈస్టర్‌నాడు చర్చి ముందు నిలబడి ఉంటే బెంగళూరు పాత కార్ల పిచ్చివాళ్ళ కంట్లో పడింది. వాళ్ళు ఏడాదికొక ఆదివారం తమ కార్లన్నీ వరసగా తోలుకుంటూ ఊరంతా తిరుగుతారట. మీరూ రండి అన్నారు. జ్ఞానయ్యకు అప్పటికే ఒక కంట్లో పొర. రెండో కంట్లోనూ మొదలైంది. వచ్చే ఏడాదికి స్టీరింగు పట్టుకోలేనని ఆయనకు తెలుసు. ఈ ఒక్కసారి ఆ వరసలో తన బండి తనే తోలాలి. అంతకు మించి ఆయన ఏమీ అడగలేదు.

ముందు అద్దం కింద రేకు తుప్పు పట్టి వాన నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. అద్దం తీసి, రేకు మార్చి, మళ్ళీ బిగించాలి. ఆ అద్దం మామూలుది కాదు. రెండు చివరలూ పక్కలకు తిరిగి ఉంటుంది. పగిలితే ఈ దేశంలో ఇంకోటి దొరకదని బెంగళూరు వాళ్ళు ముందే చెప్పారు. నేనూ రెడ్డెప్పా చెరో పక్కా పట్టుకుని దాన్ని తీశాం. రెడ్డెప్ప ఇంటి నుంచి పాత బొంత తెచ్చి బల్ల మీద పరిచాడు. దాని మీద పడుకోబెట్టాం. అద్దాన్ని ఒక్కడే ఎత్తకూడదు అన్నది మా షెడ్డు నియమం. పెట్టింది నేనే.

ఒక మధ్యాహ్నం రెడ్డెప్ప అన్నానికి పోయాడు. అమెరికా కారును చూద్దామని టీ అంగడి నుంచి ఇద్దరు వచ్చారు. కారును చూసి ఊరుకుని ఉంటే బాగుండేది. అద్దం ఎంత వంపుగా ఉందో చూపించాలనిపించింది నాకు. ఎందుకనిపించింది? అది నాదా? నేను చేశానా? అయినా నాదే అన్నట్టు రెండు చేతులతో ఎత్తి, వెలుతురులో పట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చూపించాను. వాళ్ళు మెచ్చుకున్నారు. చేతులు నొప్పెట్టి దించబోతే కింది మూల గడప బండకు తగిలింది. చిన్న చప్పుడు. వాళ్ళిద్దరికీ వినిపించను కూడా లేదు.

వాళ్ళు పోయాక గోరుతో తడిమి చూశాను. నువ్వుగింజంత పెచ్చు లేచింది.

పని తెలిసినవాడికి అది చిన్నది కాదు. అద్దం నడుమ దెబ్బ తగిలితే ఓర్చుకుంటుంది, అంచున తగిలితే ఓర్చుకోదు. బిగించేటప్పుడు ఒత్తిడి అంతా అంచు మీదే పడుతుంది. అంచును నిదానంగా సానపట్టే పనివాళ్ళు బెంగళూరులో ఉండేవాళ్ళు. పంపించి ఉంటే నిలిచేదేమో. పంపించాలంటే చెప్పాలి. చెప్పాలంటే ఒక్కణ్ణే ఎత్తానని, అదీ గొప్ప కోసం ఎత్తానని చెప్పాలి. ఆదివారానికి ఇంకా ఆరు రోజులుంది. ఆరు రోజుల్లో ఒక్క నిమిషం చాలదా ఆ మాట చెప్పడానికి? ఆ మూలకు, అద్దం అంచుకు వేసే బీడింగ్ రబ్బరు తొడిగేశాను. పెచ్చు రబ్బరు కింద దాక్కుంది. నేనూ దాంతోపాటు దాక్కున్నాను.

అద్దం బిగించే తీరు మీకు చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు సగమే అర్థమవుతుంది. అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, ఆ రబ్బరు గాడిలో చుట్టూతా సన్నని తాడు పెట్టి, సబ్బు నీళ్ళు పూస్తాం. ఒకడు బయట నిలబడి రెండు అరచేతులతో అద్దాన్ని నొక్కుతాడు. ఇంకొకడు కారు లోపల కూర్చుని తాడు కొసను కొంచెం కొంచెంగా లాగుతాడు. తాడు వస్తూ వస్తూ రబ్బరు అంచును రేకు మీదికి ఎక్కిస్తుంది. తాడు లాగేవాడే మేస్త్రీ. అద్దం నిలిచినా పగిలినా పేరు అతనిదే. మా షెడ్డులో పదకొండేళ్ళూ తాడు నేనే లాగాను. ఒక్కసారి లాగుతానన్నా అని రెడ్డెప్ప చాలాసార్లు అడిగాడు. ఇంకా టైముందిలే అని తప్పించేవాణ్ణి.

శుక్రవారం పొద్దున జ్ఞానయ్య పుంగనూరు నుంచి బస్సులో వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను సబ్బు నీళ్ళు కలిపి, తాడు గాడిలో పెట్టి, కొస రెడ్డెప్ప చేతికిచ్చాను.

"ఈ పొద్దు నువ్వు లాగప్పా" అన్నాను.

"నేనా? ఈ కారుకా? యాలన్నా?"

"ఎన్నాళ్ళని బయటే నిలబడి నొక్కతా ఉంటావు? నీకూ చెయ్యి తిరిగింది. కూసో లోపల."

"పెద్ద కారన్నా. నాకు బయంగా ఉండాది."

"నేనుండాను కదా బయట. సూసుకుంటాలే."

రెడ్డెప్ప తాడు కొసను కళ్ళకద్దుకున్నాడు. జ్ఞానయ్య వైపు చూసి నవ్వాడు. చేతులు లుంగీకి తుడుచుకుని, చెప్పులు బయట విడిచి కారులోకి ఎక్కాడు. ఆ నవ్వును నేను చూశాను. చూసి కూడా ఆపలేదు. పగలదులే, పగలకుండా కూర్చుంటుందిలే అని నాకు నేను చెప్పుకుంటున్నాను. అంత నమ్మకమే ఉంటే తాడు నేనే లాగి ఉండాలి కదా?

నేను ఎప్పుడూ లాగనంత నిదానంగా లాగాడు. కింది వరస అయింది. ఎడమ పక్క అయింది. పైవరస కూడా అయి, కుడి పక్కన కిందికి దిగుతూ చివరికి ఆ మూలకు వచ్చాడు. నా అరచేతుల కిందే గీత పుట్టింది. మూల నుంచి బయల్దేరి, నిదానంగా, అద్దం అడ్డంగా అవతలి చివరి దాకా పోయింది.

రెడ్డెప్ప చేతిలో తాడు అట్లాగే ఉంది. లోపలివాడికి నా చేతులు కనిపిస్తాయి, రబ్బరు కింద ఏముందో కనిపించదు. అతను నా ముఖంలోకి చూశాడు. ఏం జరిగిందన్నా అని అడుగుతున్న చూపు. అప్పుడు నేను ఒక మాటన్నాను. జ్ఞానయ్యకు వినపడేటట్టు అన్నాను.

"నిదానంగా లాగమని చెప్పినాను కదప్పా."

నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేనంత నిదానంగా లాగాడతను. అయినా తల వంచుకుని, "అవునన్నా, తొందరపడినాను" అన్నాడు. నా అబద్ధాన్ని అంత త్వరగా నమ్మిన మనిషి ఇంకొకడు లేడు. జ్ఞానయ్య స్టూలు మీంచి లేచి వచ్చాడు. అద్దాన్ని చూడలేదు. తల లోపలికి పెట్టి, "చెయ్యేమన్నా తెగిందా నాయనా?" అని రెడ్డెప్పను అడిగాడు. నన్ను ఏమీ అడగలేదు.

ఆ ఆదివారం కారు పోలేదు. తర్వాత నేను రెండు మామూలు అద్దాలు తెచ్చి, నడుమ ఇనుప పట్టీ నిలబెట్టి, ముందు భాగం మూశాను. స్తంభం లేకపోవడమే అందమైన కారుకు, నట్టనడుమ, తోలేవాడి కళ్ళెదుటే, నేను స్తంభం పెట్టాను. బెంగళూరు వాళ్ళు ఒకసారి వచ్చి చూశారు. మర్యాదస్తులు. అద్దం దొరికినప్పుడు చెప్పండి అని వెళ్ళిపోయారు. ఏడాది తిరక్కుండానే జ్ఞానయ్యకు రెండో కన్నూ మసకేసింది. పొర తీయించుకున్నా మునుపటి చూపు రాలేదు. స్టీరింగు మళ్ళీ పట్టుకోలేదు.

రెడ్డెప్ప ఇంకో నెల పనికి వచ్చాడు. అద్దం పని వస్తే దూరంగా పోయి నిలబడేవాడు. అమెరికా కారు అద్దం పగలగొట్టినవాడు అని ఊళ్ళో షెడ్లన్నింట్లో పేరు పడింది. ఆ పేరు ఎవరు మోసుకెళ్ళారని అడుగుతారా? నేను మోయలేదు. ఎవరైనా అంటుంటే వింటూ కూర్చున్నాను, అంతే. తర్వాత అతను కుప్పం పోయి గ్రానైటు పాలిష్ పనిలో చేరాడు.

చాలా ఏళ్ళకు ఒక లారీ పని మీద కుప్పం పోతే స్టేషన్ దగ్గర కనిపించాడు. తల నెరిసింది. కనురెప్పల మీద కూడా రాతి పొడి. నన్ను చూసి నిజంగా సంతోషపడ్డాడు. టీ ఇప్పించాడు. ఆ టీ ఎలా దిగిందో నాకే తెలుసు.

"ఆ పెద్దాయన ఎట్లుండాడన్నా?" అని అడిగాడు.

"పోయినాడప్పా. రెండేండ్లయింది."

టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆయప్ప ఆశ నా చేత్తో పోయింది. నువ్వు నమ్మి తాడిస్తివి. అయినా నన్ను ఒక్క మాట అనలేదన్నా నువ్వు, అది మర్సిపోను."

అప్పుడు చెప్పాల్సింది. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. నోరు తెరిచాను కూడా. అంతలో బెంగళూరు రైలు వచ్చింది, జనం దిగారు, సందడైంది. రైలు నన్ను కాపాడిందని ఆ క్షణంలో అనుకున్నాను. రైలు వెళ్ళిపోయాక కూడా అతను నా పక్కనే కూర్చుని ఉన్నాడు. నేనే లేచి, పనుందని వచ్చేశాను.

కారు ఇప్పుడు నా దగ్గరే ఉంది. తన నాయన పోయేముందు ఆ మేస్త్రీ దగ్గరే ఉండనీ అన్నాడని జ్ఞానయ్య కూతురు తెచ్చి అప్పగించింది. వద్దనడానికి కారణం చెప్పాలి కదా. తీసుకున్నాను. షెడ్డు తలుపు తీసిన ప్రతి పొద్దునా ముందు కనిపించేది నేను నిలబెట్టిన ఇనుప పట్టీయే. పాత కార్ల వాళ్ళు అప్పుడప్పుడూ వస్తారు, ఇచ్చేయమంటారు, ఇవ్వనంటాను. అబ్బా ఈయనకు హార్డ్‌టాప్ అంటే ఎంత ప్రేమో అని పొంగిపోతారు, తమలో ఒకణ్ణనుకుంటారు. ఒక్కోసారి నాలుగు అద్దాలూ దించి లోపల కూర్చుంటాను. రెండు పక్కలా అడ్డమేమీ లేదు. అయినా ఆ సీట్లోంచి లేవడానికి నాకు దారి దొరకదు.

మొన్న వాళ్ళలో ఒకాయన వచ్చి, ఇప్పుడు అమెరికాలో ఆ అద్దం కొత్తగా చేస్తున్నారు, తెప్పిస్తాను అన్నాడు. సరే అన్నాను. ఆయన పోయాకే అసలు సంగతి తట్టింది. అద్దం వస్తే తాడు ఎవరు లాగాలి? లాగాల్సిన మనిషి కుప్పంలో ఉన్నాడు. అతన్ని పిలవాలంటే ముందు ఆ మాట చెప్పాలి. చెబితే అతను వస్తాడా? నా ముఖం మీద ఉమ్మేస్తాడా? ఉమ్మేసినా బాగుండును. అదేం లేదులే అన్నా అంటాడేమోనని నాకు ఎక్కువ భయం.

పాత అద్దాన్ని పారేయలేదు. రెడ్డెప్ప తెచ్చిన బొంతలోనే చుట్టి అటక మీద పెట్టాను. ఈ పొద్దు దించి, మూల రబ్బరు ఊడదీసి చూశాను. పెచ్చు అట్లాగే ఉంది. గీత సరిగ్గా అక్కడి నుంచే మొదలైంది, ఎవరు చూసినా తెలుస్తుంది. ఇదంతా అతనికి చెప్పాల్సింది, మీకు చెబుతున్నాను. అతనికి చదువు రాదు. అది తెలిసే రాస్తున్నానా? కావచ్చు. అయినా ఇన్నేళ్ళకు ఒకసారి ఆ మాట గొంతు దాటింది. ఇదిగో, ఇక్కడ కాగితం మీద ఉంది.

రెడ్డెప్పా, నువ్వు తాడు సరిగ్గానే లాగావు.