తెరవని డబ్బాలు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో సిటీ బస్సెక్కాను. పక్క సీటాయన ఒళ్లో అట్టపెట్టె నిండా బొమ్మ రేసుకార్లు. ఇరవై ఏళ్లుగా పోగేసినవట, ఒక్కటీ డబ్బాలోంచి బయటికి తీయలేదు. ఇక్కడ భయంగా ఉందని, విజయవాడ వెళ్లిపోతున్నానని చెప్పాడు.

"ఇరవై ఏండ్లయినా డబ్బాలు ఇప్పలేదా? అంటే మొదటి సంది పోయేటందుకే తయారున్నరన్నట్టు!" అన్నాను.

"డబ్బా తెరిస్తే వీటికి విలువుండదండీ."

"సరే, మిమ్మల్ని ఎవరన్న పొమ్మన్నరా?"

"ఉండమని కూడా ఎవరూ అనలేదండీ."

ఎల్బీనగర్‌లో దిగేముందు ఆయన ఒక డబ్బా చించి, ఎర్ర కారు నా చేతిలో పెట్టాడు.

"ఇదొక్కటైనా ఇక్కడే ఉంటుంది లెండి."

రాష్ట్రం వచ్చింది. ఎవరూ ఎవరినీ తరమలేదు. మా టీవీ పక్కనున్న ఆ కారును చూసినప్పుడల్లా, ఆయనతో మళ్లీ పోట్లాడాలనిపిస్తుంది.