గోల్ఫ్ కోర్సుకి చెరువు మట్టి

ఇసుకలో గడ్డి మొలవదని మా గోల్ఫ్ క్లబ్బు వార్తల్లో రాసిన మనిషిని నేనే. రాసి ఊరుకోకుండా కింద సంతకం కూడా పెట్టాను. ఆ వారం రాయడానికి ఇంకో సంగతి దొరకలేదన్నది తప్ప నా తరఫున చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మా క్లబ్బు గుంటూరు దాటాక వస్తుంది. ఒక పక్క పత్తి జిన్నింగు మిల్లు, మూడు పక్కలా మిరపచేలు, మధ్యలో తొమ్మిది గుంతలు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఎవరో ఆసామి చేను బీడు పెట్టుకున్నాడనుకుని జాలిపడి పోతారు. గోల్ఫులో బంతిని చివరికి గుంతలోకి దొర్లించే చోటు ఒకటుంటుంది. అక్కడ పచ్చటి గడ్డి పెంచుతారు కాబట్టి దాన్ని గ్రీన్ అంటారు. మాకు గడ్డి లేదు. ఇసుకలో వాడేసిన ఇంజినాయిల్ కలిపి, రోలరుతో తొక్కించి, దాని మీదే ఆడేవాళ్ళం. వాటిని బ్రౌన్లంటారు. కొత్తగా చేరినవాళ్ళకి ఆట వచ్చేలోపే ప్యాంటు అంచులకి నూనె మరకలు వచ్చేసేవి. మా క్లబ్బులో పచ్చగా కనిపించేవి చుట్టూ ఉన్న మిరపచేలే. అవీ పండి ఎర్రబడ్డాక, కల్లాల్లో కాయ ఎండబోసినప్పుడు గాలి మా వైపు తిరిగితే, గురి చూసి నిలబడ్డవాడు సరిగ్గా కొట్టబోయే క్షణంలో తుమ్మేవాడు.

నన్ను ఈ క్లబ్బులో చేర్పించింది మా బావ. మా అక్కయ్య భర్త. మిర్చి కోల్డు స్టోరేజీ ఉంది ఆయనకి. క్లబ్బు మెయింటెనెన్స్ కమిటీకి ఛైర్మన్ కూడా. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి క్లబ్బులో చేయదగ్గ పని వార్తలు రాయడమేనని తీర్మానించి, ఆదివారం ఆదివారం ఒక పేజీ రాసి నోటీసు బోర్డుకి అంటించి, వాట్సాప్ గ్రూపులో పెట్టే పని నాకు అంటగట్టాడు. ఆటలో నా స్థాయి తెలిసే ఆ పని ఇచ్చాడనుకుంటాను. నేను కొట్టిన బంతి కంటే, కొట్టేటప్పుడు నేను పెకిలించిన మట్టి దూరం పోతుంది.

బ్రౌన్లు తీసేసి గడ్డి గ్రీన్లు వేయించాలని కమిటీలో ఏళ్ళ తరబడి పట్టుబట్టింది బావే. హైదరాబాదులో ఎవరో ఆడిస్తే ఒకసారి గడ్డి మీద ఆడి వచ్చాడట. అప్పట్నుంచి బ్రౌన్ మీద ఆడుతుంటే బూందీ లడ్డూ తిన్న నోటితో అటుకులు నమిలినట్టుంది అనేవాడు. చివరికి కమిటీ ఒప్పుకుంది. చలికాలం వెళ్ళగానే కోర్సు మూసేసి పనులు మొదలుపెట్టారు. పనులకి సూపర్‌వైజరుగా వచ్చింది అద్దంకి అమ్మాయి. వాళ్ళ నాన్నగారు అక్కడ చర్చి వాళ్ళ స్కూల్లో మాస్టారు. తను వ్యవసాయం చదువుకుని, గోల్ఫ్ మైదానాలు తయారుచేసే కంపెనీలో చేరింది. వచ్చీ రావడంతోనే బ్రౌన్లన్నీ పెకిలించి, గుంటలు తీయించి, అడుగున పైపులు వేయించి, పైన పరవడానికి దాచేపల్లి వైపు నుంచి కంకర తెప్పించింది. కంకర మీద పోయడానికి లారీల్లో ఇసుక వచ్చింది.

ఇసుక కుప్పలు చూశాకే మాకు గుబులు పుట్టింది. ఆట లేకపోయినా మెంబర్లందరం సాయంత్రం పూట కోర్సుకి వెళ్ళేవాళ్ళం. డాక్టర్లున్నారు, ప్లీడర్లున్నారు, మిర్చి యార్డు వాళ్ళున్నారు. ఎవరికి వాళ్ళం ఏ ఉద్యోగం చేసినా, నేల కనిపిస్తే వంగి పిడికెడు తీసి, నలిపి, వాసన చూసి వదిలే అలవాటు మాత్రం ఒకటే. ఆ ఇసుకని అలాగే నలిపి చూశాం. వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇంటికొచ్చి నేను వార్త రాశాను. ఇసుకలో ఏ పైరూ రాదనీ, నల్లరేగడిలో పుట్టి పెరిగినవాళ్ళం మనమే ఈ మాట చెప్పకపోతే ఎవరు చెబుతారనీ, ఎండాకాలం చెరువులు ఎండాయి కాబట్టి తలా నాలుగు ట్రాక్టర్ల చెరువు మట్టి తోలిస్తే గడ్డి మోకాలెత్తు లేస్తుందనీ. ఇన్నేళ్ళుగా మన బ్రౌన్ల ఇసుకలో ఒక్క గరికపోచ కూడా మొలవలేదని రుజువు కూడా చూపించాను. అందులో ఇంజినాయిల్ ఉందన్న సంగతి ఆ ఊపులో గుర్తు రాలేదు. గోల్ఫ్ గడ్డి మోకాలెత్తు లేవకూడదన్న సంగతీ గుర్తు రాలేదు.

నేను రాసిన ఏ వార్తకీ అన్ని నమస్కారాలు, బొటనవేళ్ళు రాలేదు. మర్నాడే మీటింగు పెట్టారు. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. గ్రీన్ మీద పోసిన నీళ్ళు నిలవకుండా దిగిపోవాలనీ, రేగడి నీళ్ళు పట్టుకుని కూర్చుంటుందనీ, ఎండకి నెర్రెలిస్తుందనీ. అంతా విని బావ నవ్వుతూ అన్నాడు: "అమ్మా, మా తాతల నాటి నుంచి చెరువు మట్టి తోలుకునే చేలు పండించాం. నువ్వు పైపుల సంగతి చూడు, మట్టి సంగతి మాకొదిలెయ్." చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. నేను రెండూ ఎత్తాను.

తర్వాత మొదలైంది మా ఊళ్ళ పోటీ. ఒక్కో గ్రీన్‌కి ఒక్కో మెంబరు తన సొంత ఊరి చెరువు మట్టి తెప్పించాడు. మా ఊరి మట్టి వెన్నముద్దలా ఉందంటే మా ఊరిది నెయ్యిలా ఉందన్నారు. రెండో గ్రీన్ నాకు వచ్చింది. మా చెరువు మట్టి దిగుతుంటే పక్కన నిలబడి ఫొటో తీయించుకుని వార్తల్లో వేసుకున్నాను. ఒక్క ఏడో గ్రీన్ మాత్రం ఖాళీగా ఉండిపోయింది. అది పొదిలి మెంబరుగారి వంతు. వాళ్ళ ఊళ్ళో మట్టి ముందు ఎవరు తోలుకోవాలన్న దగ్గర తగాదా వచ్చి తవ్వకమే ఆగిపోయింది. ఆ ఒక్కదాంట్లో అయినా తను తెప్పించిన ఇసుక పోసుకుంటానని అమ్మాయి అడిగింది. పాపం, తెచ్చినందుకు వాడుకోనీమని బావ దయతలిచాడు.

రోహిణి కార్తె ఎండలకి మా మట్టి తన గుణం చూపించింది. ఎనిమిది గ్రీన్లూ నెర్రెలిచ్చాయి. నా రెండో గ్రీన్ అన్నిటికంటే సారవంతమైంది కదా, అన్నిటికంటే పెద్ద నెర్రెలు దానికే. బావ ఒక బంతి తెచ్చి దాని మీద వదిలాడు. అది కాస్త దొర్లి ఒక నెర్రెలోకి జారిపోయింది. చేతికర్ర పెట్టి వెతికితే కర్ర సగం దిగింది కానీ బంతి అందలేదు.

"తొమ్మిది గుంతల కోర్సుకి ఇన్ని వందల గుంతలు పెట్టించావు గదరా," అన్నాడు. "ఇక గురి చూసే పని కూడా లేదు. ఎటు కొట్టినా పడిద్ది."

ఆ రోజు నుంచి నేను మట్టి మాస్టార్నయ్యాను. చెరువు మట్టి తోలిద్దామని అందరితో పాటు చేయెత్తిన సంగతి బావ చక్కగా మర్చిపోయాడు. పెళ్ళికెళితే పెళ్ళిలో, గృహప్రవేశానికెళితే అక్కడ, నన్ను చూపించి, మా బావమరిది గోల్ఫ్ కోర్సుకి ఎరువేసిన మహానుభావుడని పరిచయం చేసేవాడు. కొత్తవాళ్ళు నిజమేననుకుని నమస్కారం పెట్టేవారు. వానలు మొదలయ్యాక పరిస్థితి ఇంకా బాగుపడింది, ఆయన వైపు నుంచి చూస్తే. గ్రీన్ మీద కాలు పెట్టినవాడి కాలు వచ్చేది, చెప్పు వచ్చేది కాదు. వానకి లేచిన పిచ్చిగడ్డి కోసే మిషను నా గ్రీన్‌లో దిగబడితే నలుగురు మనుషులు మోకు కట్టి లాగారు. మట్టి పెట్టించినవాడు ఆఖరికి మట్టి కరిచాడని దానికీ ఒక జోకు వేశాడు. అది ఆయన వేయకపోతే నేనే వేసుకునేవాణ్ణి.

ఎనిమిది గ్రీన్లూ తవ్వి పారబోసి మళ్ళీ ఇసుక పోయాలని, అవి ఆటకొచ్చేసరికి వచ్చే ఏడాది అవుతుందని అమ్మాయి లెక్కచెప్పింది. ఆ మాట విని బావ మొదటిసారి జోకు వేయలేదు. సంగతేమిటంటే, ఆయన కుడి మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ రెండుసార్లు వాయిదా వేసుకున్నాడు, గ్రీన్లు రాగానే ఒక్క ఆట ఆడి చేయించుకుంటానని. మూడోసారి అక్కయ్య వాయిదా ఒప్పుకోలేదు. దసరా వెళ్ళగానే చేరాలని డాక్టరుతో తనే మాట్లాడి వచ్చింది. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళకి హాయిగా ఆడుకోవచ్చని డాక్టరు చెప్పాడు కదా అని నేను ధైర్యం చెప్పబోయాను. క్లబ్బు వసారాలో కుర్చీలో కూర్చుని, మోకాలు రుద్దుకుంటూ అన్నాడు:

"కొత్త కాలు వచ్చాక కొత్త మనిషి ఆడతాడురా. ఇన్నేళ్ళూ ఆ నూనె ఇసుకలో తిరిగింది ఈ కాలు. మన గడ్డి మీద ఒక్కసారి నిలబడాల్సింది ఇది."

నా సంతకం అంత బరువు ఎప్పుడూ తూగలేదు నాకు. 

ఇక మిగిలింది ఏడో గ్రీనే. ఎవరూ మట్టి తోలని ఆ గ్రీన్ మీద ఆ అమ్మాయి నాటించిన గడ్డి అప్పుడప్పుడే అల్లుకుంటోంది. నేను రోజూ పొద్దున్నే వెళ్ళి కలుపు పీకేవాణ్ణి. మొదటి రోజు కలుపుతో పాటు గడ్డి కూడా పీకేస్తే, "మాస్టారూ, మీరు కాసేపు వార్తలు రాసుకోండి," అంది అమ్మాయి. రెండో రోజు నుంచి పక్కన కూర్చోబెట్టి ఏది గడ్డో ఏది తుంగో చూపించింది. వార్తల్లో మాత్రం నేను నోరు కట్టేసుకున్నాను. ఏడో గ్రీన్ బాగుంది అన్న ఒక్క ముక్క. సలహాల కాలమ్ ఎత్తేశాను.

వినాయక చవితి వెళ్ళాక గడ్డికి లద్దె పురుగు పట్టింది. తెల్లారేసరికి అక్కడక్కడా గొరిగినట్టు బోడి మచ్చలు. పత్తి చేలల్లో, మిరప చేలల్లో, పొగాకు నారుమళ్ళల్లో పుట్టినప్పట్నుంచి చూస్తున్న పురుగే. క్లబ్బంతా ఒక్కసారిగా పురుగుమందుల షాపైపోయింది. గ్రూపులో ఒక్కొక్కరూ ఒక్కో మందు పేరు. రెండు మూడు కలిపి కొట్టమన్నవాళ్ళూ ఉన్నారు. ఒక్కటి కూడా వార్తల్లో రాయొద్దని అమ్మాయి నా దగ్గర మాట తీసుకుంది. గడ్డి లేతగా ఉంది, ఘాటు మందు పడితే మాడిపోతుందని ఆమె భయం. అప్పుడు బావ, ఛైర్మన్‌గిరీ పక్కనపెట్టి, కాస్త మొహమాటంగా అడిగాడు: చిన్నప్పుడు వాళ్ళ నాన్న పొగాకు నారుకి తవుడూ బెల్లమూ పిసికి, చిటికెడు మందు కలిపి, చీకటి పడే ముందు ఉండలు చేసి చల్లేవాడనీ, అది పనికొస్తుందా అనీ. అమ్మాయి మొహం విప్పారింది. అదే చెబుదామనుకుంటున్నానండి, ఛైర్మన్ గారే చెప్పారు, అంది. ఆ సాయంత్రం బావా నేనూ కాగితం పరుచుకుని కూర్చున్నాం. ఆయన తవుడు పిసుకుతున్నాడు, నేను బెల్లం కొడుతున్నాను. మందు కలిపి ఉండలు చుట్టే పని మాత్రం చేతులకి గ్లౌజులు తొడుక్కుని అమ్మాయే చేసింది. బెల్లం అక్కయ్య వంటింట్లోది. దసరా అరిసెలకి దాచిన బెల్లం ఏమైందని తను అడిగితే, పురుగు పట్టింది అన్నాడు బావ. అబద్ధమేమీ కాదు.

పురుగు పోయింది. బోడి మచ్చలు మెల్లిగా పూడాయి. ఆసుపత్రిలో చేరే ముందు రోజు పొద్దున్నే రమ్మని అమ్మాయి కబురు పంపింది. గడ్డి కోయించి, మధ్యలో గుంత తీయించి ఉంచింది. బావని చేయి పట్టుకుని అక్కయ్య కారు దింపింది. క్లబ్బు మొహం తను చూడటం అదే మొదటిసారి. గ్రీన్ అంచున ఆగి బావ బూట్లు విప్పాడు, సాక్సులు విప్పాడు. వంగలేకపోతే నేను లాగాను. ఉత్త కాళ్ళతో గడ్డి మీదకి నడిచి వెళ్ళి నిలబడ్డాడు. మంచు తడి ఇంకా ఆరలేదు. కాసేపు కాలివేళ్ళు కదుపుతూ కిందికే చూస్తున్నాడు.

తర్వాత ఆడాడు. పెళ్ళిళ్ళలో ఎప్పుడూ మొదటి బంతిలో కూర్చునే మనిషి, ఇక్కడా మొదటి బంతి ఆయనదే. గుంత బారెడు దూరంలో ఉంది. నూనె ఇసుక మీద గట్టిగా తోయాల్సిన అలవాటు చేతికి ఉంది కదా, బంతి గుంతని పలకరించకుండా అవతలికి పోయింది. అటు నుంచి కొడితే ఇటొచ్చింది. ఈసారి జాగ్రత్తపడి తాకించాడు. గుంత అంచు దాకా వెళ్ళి, లోపలికి తొంగిచూసి, ఆగిపోయింది.

"దీనికేనా నన్ను చీకట్లో లేపుకొచ్చారు?" అంది అక్కయ్య.

బావ పెద్దగా నవ్వాడు. వంగలేడు కాబట్టి బంతి నేనే తీసిస్తే లాల్చీ జేబులో వేసుకున్నాడు. దూరం నుంచి ఆ మొహం చూసినవాడెవడైనా బంతి గుంతలో పడిందనే ఒట్టేసి చెబుతాడు. కారెక్కాక మాత్రం నా భుజం పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఇది వార్తల్లో రాయమాక."

"రాయను బావా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆపరేషన్ బాగా జరిగింది. ఆదివారం వచ్చింది. ఒట్టంటే నాకు గౌరవం. అందుకని ఆ ఉదయం వార్తలో ఇంతే రాశాను: 'ఏడో గ్రీన్ సిద్ధమైంది. దాని మీద మొదటి బంతి మన ఛైర్మన్ గారే కొట్టారు. తర్వాత ఏం జరిగిందన్నది, వారి కోరిక మేరకు, రాయడం లేదు. వివరాలు కావలసిన వారు వారినే అడగగలరు. ప్రస్తుతం వారికి తీరిక ఎక్కువ.'

మధ్యాహ్నం అక్కయ్య ఫోన్ చేసింది. పొద్దున్నుంచి బావ ఫోను మోగని క్షణం లేదట, నర్సు వచ్చి రెండుసార్లు కోప్పడి వెళ్ళిందట. ఒకరికి పడిందన్నాడట, ఇంకొకరికి పడబోయిందన్నాడట, వాళ్ళిద్దరూ మాట్లాడుకుని మళ్ళీ చేశారట. సాయంత్రం నేను వెళ్ళేసరికి కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూడగానే పళ్ళు నూరాడు. మంచం దిగలేడన్న ధైర్యంతో నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను.

"గాలండీ," అంటున్నాడు ఫోనులో. "పడేదే. గాలి తోసేసింది."