గోడ మీదుగా పిలిచిన పేర్లు

మా పక్కింటి రేడియో బాబాయిగారు పోయారు. పొన్నూరు నుంచి ఆయన మేనకోడలు ఫోన్ చేసి చెప్పింది. కిందటేడు ఆయనకి చూపు మందగించాక తనే వచ్చి ఆయన్ని తీసుకువెళ్లింది. ఫోన్ పెట్టేసి పెరట్లోకి వెళ్లి, అంట్ల ముందు కూర్చుని ఏడ్చాను. నాకు ఆయన జ్ఞాపకాలన్నీ అక్కడే ఉన్నాయి మరి.

సత్తెనపల్లిలో మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. ఆయన బడిపంతులుగా రిటైరై, రేడియోలో రైతుల కార్యక్రమానికి వారం వారం ప్రసంగాలు రాసేవారు. పిన్నిగారు అప్పటికే లేరు. ఇంట్లో పలకరించే దిక్కు లేక, ప్రసంగానికి పేరు పెట్టాల్సినప్పుడల్లా గోడ దగ్గరికి వచ్చేవారు. నేను అటు వీపు పెట్టి అంట్లు తోముతుంటే, అనుకున్న పేరు గట్టిగా చదివేవారు. నేను తిరిగి చూస్తే పేరు ఖాయం. చూడకపోతే కొట్టేసేవారు.

“పత్తిలో సమగ్ర సస్యరక్షణ పద్ధతులు!”

నేను గిన్నె తోముకుంటూనే ఉండేదాన్ని.

“మిరపాకు ఎందుకు ముడుచుకుంది?”

“ఎందుకు బాబాయిగారూ?” అని గిరుక్కున తిరిగేదాన్ని. మా చేలోనూ ముడతే కదా!

“అద్దీ! రేడియోలో విను, చెప్తా,” అని లోపలికి వెళ్లిపోయేవారు. ఎంత బతిమాలినా ముందు చెప్పేవారు కాదు. మహా గడుసు మనిషి.

ఒకసారి “బంగారం ధర పడిపోయిందటోయ్!” అన్నారు. మసి చేతులతోనే గోడ దగ్గరికి పరిగెత్తాను. తీరా చూస్తే అది గొర్రెల పెంపకం గురించిట! నేను నోరు చేసుకునేలోపే తనే కొట్టేశారు. “వద్దులే అమ్మాయ్. భోజనానికి పిలిచి మంచినీళ్లిచ్చి పంపినట్టుంటది” అన్నారు.

“రేడియోలో మాట్లాడేవాడికి వినేవాళ్లు కనపడరమ్మాయ్. ఉన్నారో లేరో తెలీదు. అందుకని ముందు పిలవాలి” అనేవారు. పనిలో మెలకువ చెబుతున్నారనుకునేదాన్ని. ఒంటరి మనిషి గోడు అని చాలా ఏళ్లకి గానీ అర్థం కాలేదు.

తొంభైల చివర్లో పత్తి పోయిన ఏడాది ఒకటుంది. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు. ఏ ఊళ్లో ఎవరు ఆ మందే తాగారో రోజూ ఏదో ఒక కబురు. మా ఆయన చేలోకి వెళ్లడం మానేశారు. అన్నం పెడితే కెలికి లేచేవారు. మిగిలిన మందు డబ్బా మంచం కిందికి చేరింది. ఆ డబ్బా మీద ఓ కన్నేసి ఉంచి నేను రాత్రీ పగలూ నలిగిపోతున్నాను, ఎవరికీ చెప్పుకోలేక.

ఆ రోజుల్లోనే గోడ అవతలి నుంచి కేక: “మందు మానేద్దామా?”

చేతిలో పళ్లెం జారిపోయింది. తిరిగి చూశాను. నా మొహం చూసి ఆయన కాగితం దించేశారు.

“ఏమైందమ్మాయ్?”

చెప్పేశాను.

ఎప్పుడూ గోడ దాటి రాని మనిషి వీధి గుమ్మం గుండా వచ్చి, మంచం మీద మా ఆయన పక్కన కూర్చున్నారు.

“ఏమయ్యా, ఈ వారం రేడియోలో మాట్లాడటానికి రైతు దొరకలేదు. నువ్వు రావాలి.”

“చేను పోయినోణ్ణి, నేనేం మాట్లాడతానండీ?”

“పోయినోడే మాట్లాడాలి. ఆ మంచం కింద డబ్బా కూడా ఇటివ్వు. రికార్డింగులో చూపించాలి.”

మా ఆయన బాబాయిగారి వంక వింతగా చూశారు. “రేడియోలో డబ్బా ఎట్టా కనపడిద్దండీ?”

“నీకెందుకయ్యా, ఇవ్వు!”

మా ఆయనకి నవ్వొచ్చింది. ఎన్నాళ్లకి విన్నానో ఆ నవ్వు! నవ్వుతూనే డబ్బా తీసి ఇచ్చారు. నేను తలుపు చాటుకెళ్లి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ప్రసంగం పురుగుమందుల వాడకం తగ్గించడం గురించి. కానీ ‘మందు మానేద్దామా?’ అన్న పేరు వినగానే మా వీధి ఆడవాళ్లంతా సారా మాన్పించే కార్యక్రమం అనుకుని, మొగుళ్లని లాక్కొచ్చి రేడియోల ముందు కూలేశారు. “పురుగుమందా! నేనింకా మావోడి గురించే అనుకున్నా గదే!” అని ఎదురింటావిడ ఒకటే తిట్లు. “ఏదైతేనేం, కూర్చున్నారుగా” అన్నారు బాబాయిగారు. చేను పోయాక మా ఆయన నోరు విప్పి తన బాధ చెప్పింది ఆ రేడియోలోనే. ఆ డబ్బా మళ్లీ మా ఇంటికి రాలేదు.

పొన్నూరు వెళ్లాక బాబాయిగారు ఒకసారి ఫోన్ చేశారు. కార్యక్రమం మానేసి అప్పటికి ఏళ్లయింది.

“అమ్మాయ్, ఒక పేరు చెప్తా విను. ‘ఎవరన్నా ఉన్నారా అక్కడ?’ ఎట్టా ఉంది?”

“తిరిగాను బాబాయిగారూ.”

“నిజంగానా? నాకు కనపడదుగా” అని నవ్వారు.

నిజంగానే తిరిగాను. అది ఆయనకి ఎలా చూపించను?

నిన్న అంట్లు తోముతుంటే వెనక ఏదో అలికిడైంది. గిరుక్కున తిరిగాను. గోడ మీద ఎండ తప్ప ఏమీ లేదు.

“ఎవరే పిలిచింది?” అన్నారు అరుగు మీద నుంచి మా ఆయన.

“ఎవరూ లేరండీ” అన్నాను.

ఆయన కూడా లేచొచ్చి, నా పక్కన నిలబడి, చాలాసేపు ఆ గోడ వైపే చూశారు.