పేరు పలకని ఊరేగింపు

నొరీన్ ఆంటీ చేతిలో రాఫిల్ లాటరీ టికెట్లు కనబడ్డాయంటే మా ఊరు గుండబరీలో మగాళ్లు వీధి దాటేసేవాళ్లు. దాటినా లాభం లేదు. "ఆగరా అక్కడే! నీ జేబు సంగతి నాకు తెలీదా?" అని ఇవతలి నుంచే కేకేసేది. ఫుట్‌బాల్ జట్టుకు చొక్కాలు, ముసలాళ్లకు కళ్లజోళ్లు, దిక్కులేనివాళ్లకు శవపేటికలు, అన్నీ ఆమె రాఫిల్‌లో బహుమతిగా పెట్టే మాంసం పళ్లెంలోంచి వచ్చినవే. ఆస్పత్రి వంటింట్లో బతుకంతా గరిటె తిప్పిన మనిషి. అడగడానికి సిగ్గుపడితే పదిమందికీ పెట్టలేమని ఆమె లెక్క.

ఆ చలికాలం ఆమె చెల్లెలు ఐవీ కొడుకును పోలీసులు నడివీధిలో పడేసి కొట్టారు. తెల్లారేసరికి లాకప్‌లో శవమై ఉన్నాడు. జారిపడ్డాడన్నారు. చెప్పేవాడికి సిగ్గు లేకపోయినా వినేవాడికి బుద్ధుంటుంది కదా, ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు. సిడ్నీలో ఊరేగింపు తీద్దాం, బస్సుల సంగతి నాకొదిలేయండి అంది నొరీన్ ఆంటీ. ఆమె అందంటే అయిపోయినట్టే. కానిదొక్కటే. కొడుకు పోయిన రోజు నుంచి ఐవీ గడప దాటలేదు. తల్లి ముందు నడవని ఊరేగింపు దేనికి?

పోయినవాళ్ల పేరు మా ఆదివాసులు పలకరు. బొమ్మ చూపరు. ఇంటివాళ్లు సరేననేదాకా అంతే. మాంసం కొట్టు గ్రీకాయనది కూడా ఆ అబ్బాయి పేరే. ఎవరూ అడక్కుండానే తన కొట్టు బోర్డుకు గోనెపట్టా కప్పి, "కొన్నాళ్లు నన్ను కత్తీ అని పిలవండి" అన్నాడు. మంచివాడు, కొసరు మాత్రం వెయ్యడు.

సిడ్నీలో పెరిగిన టార్నీ, నొరీన్ ఆంటీకి వేలు విడిచిన అన్న కూతురు, ఓ రోజు కారు నిండా పెట్టెలతో దిగింది. పెట్టెల్లో నల్ల చొక్కాలు. ప్రతి చొక్కా మీదా ఆ అబ్బాయి నవ్వు ముఖం, కింద పేరు.

"ఇదేంటే?" అంది నొరీన్ ఆంటీ.

"అమ్మడానికి ఆంటీ. ముఖం చూస్తేనే జనం డబ్బులు తీస్తారు. ఊరేగింపులో 'పేరు చెప్పండి' అని అరుస్తాం. లోకమంతా అలాగే అరుస్తోంది."

"వాణ్ని కన్నది లోకమా, మా చెల్లా? ఆ పేరు మీరరిస్తే అది బస్సెక్కదు. పెట్టెలు నా మంచం కిందికి తొయ్యి."

టార్నీకి ఏడుపొచ్చింది. "పేరూ లేదు, ముఖమూ లేదు. మరి ఏమని అరవమంటావ్?"

"వాడు ఎవరి కొడుకో అడుగు. చెప్పేవాళ్లు చెబుతారు."

శనివారం మ్యాచ్‌కి నొరీన్ ఆంటీ మైదానం పక్కన పొయ్యి పెట్టింది. కంగారూ తోక పులుసు, పెనం మీద కాల్చిన రొట్టెలు. విరామంలో మైకు లాక్కుంది.

"ఎవరి కొడుకు?"

"మా కొడుకు!" అంది ఊరు.

"అవతలి జట్టుకి నోట్లో రొట్టె అడ్డమొచ్చిందా? తిన్నదంతా మా పులుసే కదరా! ఎవరి కొడుకు?"

ఈసారి రెండు జట్లూ అరిచాయి. సాయంత్రానికి బస్సులకు సరిపడా డబ్బు వచ్చింది. ఐవీ ఇల్లు మైదానం వెనకే. ఆ కేక ఆమెకూ వినబడింది. అయినా బయటికి రాలేదు.

బయల్దేరే రోజు పొద్దున అందరూ ఎక్కి కూర్చున్నారు. డ్రైవర్ ఇంజిన్ వేశాడు. "ఆపు. నా చెల్లి వస్తుంది" అంది నొరీన్ ఆంటీ. వెళ్లి బస్సు తలుపుకు అడ్డంగా నిలబడింది. కాసేపటికి ఐవీ శాలువా కప్పుకుని వచ్చింది. ఎవరినీ పలకరించకుండా ముందు సీట్లో కూర్చుంది.

సిడ్నీ వీధి జనంతో నిండిపోయింది. వెనకెక్కడో కొందరు "పేరు చెప్పండి" అని మొదలెడితే టార్నీయే పరుగెత్తుకెళ్లి నోళ్లు మూయించింది. ముందు ఐవీ నడుస్తోంది. కోర్టు మెట్ల దగ్గర ఆగి మైకు కోసం చెయ్యి చాపింది.

"నా కొడుకు" అంది ఐవీ. ఊపిరి తీసుకుంది. "థియో. వాడి పేరు థియో." అక్క వైపు తిరిగింది. "ఇక మీరూ అనండి."

వేలమంది అన్నారు. వీధి అవతలికి వినబడేలా కేకేసే నొరీన్ ఆంటీ మాత్రం ఆ పూట చెల్లెలి చెవిలోనే అంది.