బోర్డు మీద ఉద్దానం

పలాసలో జీడిపప్పు అమ్ముకునే నాలాంటివాడికి హైదరాబాదంటే చార్మినారూ కాదు, గోలకొండా కాదు. హోటళ్ళ వెనక గుమ్మాలు. సంచిలో నమూనా పొట్లాలు వేసుకుని నెలకోసారి రైలెక్కుతాను. ఊరంతా తిరిగి వంటమాస్టర్లకి గుండు పప్పు ఇదీ, బద్ద ఇదీ, నూక ఇదీ అని చూపించి ఆర్డర్లు తెచ్చుకుంటాను. ముందు గుమ్మంలోంచి వెళ్ళేవాళ్ళకి కనపడని నూనె డబ్బాలూ, నిన్నటి గ్రేవీలూ నాకు కనపడతాయి. అందుకే ఆ మహానగరంలో ఎక్కడ కూర్చుని తినొచ్చో, ఎక్కడ దండం పెట్టి వచ్చేయాలో నాకు తెలిసినంత, ఫోన్లలో హోటళ్ళకి స్టార్లు పెట్టేవాళ్ళకి తెలీదు. ఇందులో గొప్పేం లేదు, పొట్ట తిప్పలు.

సికింద్రాబాదు స్టేషను వెనక సందులో ఒడియావాళ్ళ మెస్సు ఒకటుంది. అక్కడ పప్పులో కూరముక్కలు ఉడికిన వాసన తగిలితే ఇచ్ఛాపురంలో మా మేనత్త ఇల్లు గుర్తొస్తుంది. బార్కస్‌లో ముక్కూ మొహం తెలియని ముగ్గురితో ఒకే పళ్ళెంలో అరబ్బుల మండీ అన్నం తిన్నాను. ఒక బెంగాలీ ముసలాయన ఆవపెట్టిన చేపముక్క వడ్డిస్తే, ఇది మా ఇంట్లోది నీకెలా వచ్చిందయ్యా అని అడగబోయి ఊరుకున్నాను. కేరళవాళ్ళూ, రాయలసీమవాళ్ళూ, పాలమూరువాళ్ళూ, అందరూ బోర్డు మీద ఊరిపేరు రొమ్ము విరుచుకుని రాసుకున్నవాళ్ళే. మరి మా శ్రీకాకుళంవాళ్ళో? వాళ్ళూ ఉన్నారు, అన్ని వంటగదుల్లోనూ. మండీ వండేది టెక్కలి మనిషి. కేరళ పరోటా కొట్టేది రావివలస మనిషి. నా మాట వినగానే గరిటె పక్కన పెట్టి “ఏ ఊరు మావా?” అంటారు. అన్ని ఊళ్ళవాళ్ళ తిండీ వండిపెడతారు. మా తిండి మాత్రం ఎక్కడా దొరికేది కాదు. ఆ మంట నాకు ఎప్పుడూ ఉండేది.

అందుకే మా అక్క హోటలు పెడతానంటే అందరికంటే ముందు ఎగిరింది నేనే.

అక్కని వజ్రపుకొత్తూరు వైపు ఇచ్చాం. తుఫానొచ్చి వాళ్ళ కొబ్బరిచెట్లూ, జీడితోటా వేళ్ళతో సహా పెకిలించి పోయింది. జీడిమొక్క మళ్ళీ నాటి కాపు చూడాలంటే ఏళ్ళు ఆగాలి, ఆకలి ఆగదు కదా. బావ హైదరాబాదులో అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా కుదిరాడు. అక్క ఆ ఇళ్ళలోనే వంటలు చేసింది. తిన్నవాళ్ళు లొట్టలేశారు. కొన్నాళ్ళకి కూకట్‌పల్లి వైపు ఒక షట్టరు అద్దెకి తీసుకుని బల్లలు వేశారు.

పేరు దగ్గర అక్క ఎవరినీ మాట్లాడనివ్వలేదు. బోర్డు మీద మా వైపు తోటల సీమ పేరే, ఉద్దానం అని ఇంతేసి అక్షరాలతో రాయించింది. శ్రీకాకుళం అంటే అందరికీ తెలుస్తుంది కదా అని బావ గొణిగితే, “మన ఊరిపేరెట్టుకోడానికి ఒకల్నడగాలేటి?” అంది. నేను అక్క పక్షమే.

బయటివాళ్ళకి ఇది తిక్కగా కనిపిస్తుందని ఇప్పుడు తెలుస్తోంది. మాకు ఉద్దానం అంటే తోట. మిట్టమధ్యాహ్నం కూడా ఎండ నేలకి దిగని నీడ. జీడిమామిడి పూత వాసన. అక్కడి నీళ్ళవల్లే వస్తుందని లోకం అనుకునే కిడ్నీ జబ్బు లేదని మేమెవరం అనం, మా వీధిలోంచే డయాలసిస్‌కి వెళ్ళొచ్చే మనుషులున్నారు. కానీ ఇంట్లో ఒకరికి జబ్బొస్తే ఇంటిపేరు దాచుకుంటామా? ఆ పేరు చదవగానే మా ఊళ్ళు చూడనివాళ్ళకి తోట కాక జబ్బే ముందు తోస్తుందని మా ముగ్గురిలో ఒక్కరికి తట్టి ఉంటే ఎంత బాగుండేది.

మొదట్లో బాగానే వచ్చారు. చోడి అంబలి, అంటే రాగి జావ, నువ్వుల ముద్ద వేసిన వంకాయకూర, ఎండు రొయ్యలతో పచ్చి జీడిపప్పు. జీడిపప్పు నేనే పంపేవాణ్ణి, మిగతావి పలాసలో బస్సెక్కించేవాణ్ణి. మా వైపు ఇంటికి మనిషి రాగానే ముందు చెంబుతో నీళ్ళిస్తాం, మాట తర్వాత. అక్క హోటల్లోనూ అదే పద్ధతి పెట్టింది. ఏం కావాలని అడక్కముందే తనే వెళ్ళి బల్ల మీద నీళ్ళచెంబు పెట్టేది.

ఒకరోజు నేనక్కడే ఉన్నాను. ఆఫీసు ఉద్యోగాలవాళ్ళు ఒక జట్టుగా వచ్చారు. కూర నోట్లో పెట్టుకుని ఒకాయన, ఇంత రుచి ఎలా వచ్చిందమ్మా అన్నాడు. అక్క మొహం వెలిగిపోయింది.

“అన్నీ మా ఊరియే బాబూ. బస్సులో వత్తాయి.”

“నీళ్ళు కూడానా?” అన్నాడు పక్కనున్నతను.

అక్కకి అందులో ఉన్న ముల్లు తెలియలేదు. నవ్వేసి, మా నుయ్యి నీళ్ళ రుచి ఇక్కడ ఎక్కడొస్తుంది బాబూ, అది ఉంటే కూర ఇంకా బాగుండేది అంది. వాళ్ళు మొహామొహాలు చూసుకున్నారు. ఒకతను బోర్డు మాట ఏదో చెవిలో ఊదాడు. కలిపిన అన్నం ఆకుల్లో అలాగే వదిలేసి లేచారు. ఒక్కరైనా చెంబు ముట్టుకోలేదు. అక్క ఆ ఆకులు తనే తీసింది.

ఆ తర్వాత ఆ మాట ఎలా పాకిందో పాకింది. వచ్చినవాళ్ళు సీలున్న సీసా అడిగేవాళ్ళు. బావ తెలివిగా ‘ఇక్కడ శుద్ధి చేసిన నీరే వాడబడును’ అని గోడమీద రాయించాడు. అది చూసి అనుమానం లేనివాళ్ళకి కూడా అనుమానం పుట్టింది. బావ తెలివితేటలు ఎప్పుడూ అంతే. అయినా ఆయన్నని ఏం లాభం, మధ్యాహ్నం రెండింటికి కూడా బల్లలు ఖాళీగా ఉంటే మనిషికి ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. చివరికి బోర్డు మారుద్దామన్నాడు.

అక్క అన్నం మానేసింది. ఫోన్లో నాతో ఒకటే ఏడుపు. “పేరు తీసెత్తే ఇంకేటి మిగిల్తాది తమ్ముడూ?” అంది. కూరలు మిగులుతాయి కదక్కా అన్నాను. ఆ మాట నేను మనస్ఫూర్తిగానే అన్నాను, నమ్మే అన్నాను.

కోనసీమ అని కొత్త బోర్డు పెట్టారు. నెల తిరగకుండా జనం. కోనసీమ అని రాసుంటే జనం పనసపొట్టు కూర అడుగుతారు, పులస దొరుకుతుందా అంటారు. పాపం వాళ్ళ తప్పేముంది? అక్క అవన్నీ నేర్చుకుంది. మహా బాగా చేస్తుంది, నా నోటితో నేనే చెబుతున్నాను. ఒక్కటొక్కటిగా మా వంటలు వెనక్కి పోయాయి. చోడిపిండి పురుగు పట్టిపోతోంది, ఇక పంపొద్దంది. మాట కూడా మార్చుకుంది. గల్లాపెట్టె దగ్గర “రండి, కూర్చోండి, ఏం తీసుకుంటారండి” అంటుంటే మొదట్లో నేను ఆటపట్టించేవాణ్ణి, గోదారి ఎప్పుడు దాటేసేవక్కా అని. తనూ నవ్వేది. ఇప్పుడు నేను అడగను, తను నవ్వదు.

ఊళ్ళో ఇంటికి స్లాబు పడింది, తోటలో కొత్త మొక్కలు నాటారు. నేను సంతోషించాలి. బయటికి సంతోషంగానే ఉంటాను. కానీ అక్క హోటల్లో భోజనానికి కూర్చుంటే మనసు చచ్చిపోతుంది.

మొన్న వెళ్ళినప్పుడు మధ్యాహ్నం బల్లలన్నీ నిండి ఉన్నాయి. పెద్ద వయసు మొగుడూ పెళ్ళాం వచ్చి నా పక్క బల్ల దగ్గర సర్దుకున్నారు. ఆమె పాదాలు వాచి ఉన్నాయి, చేతిలో ఆసుపత్రి కవరు. ఆయన రెండు ముద్దలు తిని, వడ్డిస్తున్న అక్క వంక తేరిపార చూశాడు.

“అమ్మా, ఈ పులుసు తింతంటే మా వైపు తిన్నట్టే ఉంది. మీదే ఊరు తల్లీ?”

అక్క చుట్టూ ఉన్న బల్లలు ఒకసారి చూసింది. “అమలాపురం దగ్గరండి” అంది.

ఆయన కాస్త నిరాశపడ్డాడు. తమది ఉద్దానమనీ, ఆడమనిషిని పెద్దాసుపత్రిలో చూపించుకోడానికి వచ్చామనీ, ఆమెకి నిన్నటినుంచి ముద్ద దిగట్లేదనీ చెప్పాడు. ఈ వీధిలోనే మా వైపువాళ్ళ హోటలుందని, అంబలి పోస్తారని ఊళ్ళో ఎవరో చెబితే పొద్దుటినుంచి వెతుక్కుంటూ వచ్చారట.

“అదెక్కడో మీకేటైనా తెలుసామ్మా?”

అక్క ఆయన ఆకులో ఇంకో గరిటె పులుసు వేసింది. పక్కబల్లవాళ్ళు మజ్జిగ కోసం పిలుస్తున్నారు.

“మూసేశారండి” అంది.

అంతవరకూ తలొంచుకుని అన్నం కెలుకుతున్న ఆవిడ తలెత్తింది.

“అయ్యో. మనోల్లే ఎవులో, పాపం. ఎటెల్లిపోయేరో.”

“ఏమోనండి” అంది మా అక్క.