నీళ్లు తాగని ప్లంబరు

ఆ పేటలో ప్లంబరు చెయ్యి పడని బాత్‌రూమ్ లేదు. ముప్పై ఏళ్లుగా కారే కుళాయిలకు వాషర్లు మార్చాడు, పూడుకుపోయిన కమోడ్లలో మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. పని అయ్యాక మూడుసార్లు ఫ్లష్ కొట్టి, చుక్క కారకపోతేనే చేతులు కడుక్కునేవాడు.

పనికి కొత్తలో, అప్పుడే బాగుచేసిన బాత్‌రూమ్‌ని ఒక్కసారి వాడుకోవచ్చా అని ఒక ఇంటావిణ్ని నోరు తెరిచి అడిగాడు. ఆవిడ ముఖం చిట్లించింది.

"బయటెక్కడైనా చూసుకో బాబూ. ఇప్పుడేగా శుభ్రంగా కడిగింది!"

కడిగింది ఆయనే. ఆ మాట ఆయనకు చెప్పుతో కొట్టినట్టయింది. ఆ రోజునుంచి పనిలో ఉన్నంతసేపూ గుక్కెడు నీళ్లు ముట్టలేదు. ఎవరైనా మంచినీళ్లిస్తే "దాహం లేదండీ" అనేవాడు. భార్య సంచిలో పెట్టిన సీసా నిండుగానే ఇల్లు చేరేది.

"పొద్దస్తమానం నీళ్లలోనే ఉంటావు, తాగడానికేం రోగం నీకు?" అని ఆవిడ తిట్టిపోసేది.

చివరికి ఒకరోజు నడుం పట్టుకుని మెలికలు తిరిగిపోతుంటే, ఆవిడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. కిడ్నీలో రాళ్లన్నాడు డాక్టరు.

"పోయిన నెల మా ఇంట్లో ఫ్లష్ బాగుచేసింది నువ్వే కదూ? నీళ్లు బాగా తాగాలయ్యా. వస్తే ఆపుకోకూడదు, వెంటనే వెళ్లిపోవాలి."

ప్లంబరు ఆయన కళ్లలోకి చూశాడు.

"మీ ఇంట్లో పని చేస్తున్నప్పుడు వస్తే, ఎక్కడికి వెళ్లమంటారండీ?"

"నొప్పికి మాత్రలు రాస్తున్నా," అన్నాడు డాక్టరు, తలెత్తకుండా.